కొండ మీద బ్లో-ఆఫ్ వాల్వు: స్ప్రింగు బిగించే ముందు గేజీ చూడాలి

ఒడిశాలోని మా కోరాపుట్ జిల్లాలో టర్బో పెట్రోలు కార్లు విరివిగా కనబడడం మొదలై ఎంతో కాలం కాలేదు. 2013లో పోలో జీటీ టీఎస్ఐ, 2017లో బాలెనో ఆర్ఎస్, నెక్సాన్, 2019లో వెన్యూ మన దేశపు మార్కెట్లోకి వచ్చాయి. అవి చేతులు మారి, సెకండ్ హ్యాండు ధరకు దిగి, సునాబెడ, సెమిలిగుడ, జయపురం కుర్రాళ్లకు అందేసరికి మరికొన్నేళ్లు పట్టింది. వాటి వెనకాలే బ్లో-ఆఫ్ వాల్వు మోజు కూడా కొండెక్కింది. విశాఖపట్నంలో వాల్వు కొని, అక్కడే బిగించుకొని, సాలూరు ఘాటు మీదుగా పైకి వచ్చాక "అక్కడ బాగానే ఉంది, ఇక్కడికొచ్చాక ఏదో తేడా కొడుతోందన్నా" అని అడిగేవాళ్లు నాకు తరచూ తగులుతుంటారు. వాళ్లందరికీ నేను చెప్పేది ఒక్కటే. ఈ వాల్వును శబ్దాన్ని బట్టి అమర్చకూడదు. మన ఇంజన్ మానిఫోల్డులో, అంటే సిలిండర్లకు గాలి పంచే గొట్టాల్లో, ఎంత వ్యాక్యూం (బయటి గాలి కంటే ఎంత తక్కువ ఒత్తిడి) ఉందో, మనం తిరిగే రోడ్డు ఎంత ఎత్తు నుంచి ఎంత పల్లానికి దిగుతుందో చూసుకొని అమర్చాలి. ఆ లెక్క నిదానంగా వేసుకున్న మనిషి, మా ఘాట్ల మీద తిరిగే కార్లలో చాలావాటికి గాలిని బయటికి ఊదే వాల్వు అసలు అక్కరలేదన్న నిర్ణయానికే వస్తాడని నా గట్టి నమ్మకం.

ముందు ఈ వాల్వు చేసే పనేమిటో చూద్దాం. టర్బోలో, ఇంజన్ నుంచి వెళ్లిపోయే వేడి పొగ టర్బైన్‌ను తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో చివర ఉన్న కంప్రెసర్ చక్రం ఎయిర్ ఫిల్టర్ గుండా గాలిని పీల్చి, ఒత్తి, ఇంటర్‌కూలర్ (గాలిని చల్లబరిచే జాలీ) మీదుగా థ్రాటిల్ (యాక్సిలరేటర్‌తో తెరుచుకొనే గాలి తలుపు) వైపు తోస్తుంది. చిన్న కార్ల టర్బోల్లో ఈ చక్రం నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. లారీని దాటడానికి యాక్సిలరేటర్ అదిమి, గేరు మార్చడానికి కాలు తీసినప్పుడు థ్రాటిల్ పలక ఠక్కున మూసుకుంటుంది గాని, అంత వేగంతో తిరుగుతున్న చక్రం ఆ క్షణానే ఆగదు. అది తోసిన గాలికి ముందుకు దారి లేదు కనుక, గొట్టంలో ఒత్తిడి పెరిగి, గాలి చక్రం రెక్కల మీదుగానే వెనక్కి తన్నుకొస్తుంది. మళ్లీ ముందుకు పోతుంది, మళ్లీ వెనక్కి వస్తుంది. బానెట్ లోపల తుత్తుత్తుమని కొట్టుకున్నట్టు వినిపించే శబ్దం అదే. దానిని సర్జ్ అంటారు. అది చక్రం వేగాన్ని చంపుతుంది, ఇరుసును ముందుకూ వెనక్కూ గుంజి, ఆ తోపుడును మోసే థ్రస్ట్ బేరింగు మీద భారం వేస్తుంది. థ్రాటిల్ మూసుకున్న ఆ కొద్దిసేపు, చిక్కుకున్న గాలికి ఒక దారి తెరవడమే బ్లో-ఆఫ్ వాల్వు పని.

సునాబెడ పెద్దలకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు. మిగ్ విమానాల ఇంజన్ల తయారీ కోసం 1964లో ఏర్పడిన హెచ్ఏఎల్ కర్మాగారం మా ఊరిలోనే ఉంది. అక్కడ పనిచేసి రిటైరైన మా కాలనీ పెద్దాయన ఒకరు, జెట్ ఇంజన్ కంప్రెసర్‌కు కూడా ఇదే బెడద ఉంటుందని, దానిని తప్పించడానికే చాలా ఇంజన్లలో మధ్య దశల నుంచి గాలిని బయటికి వదిలే వాల్వులు పెడతారని, అవి ఏ వేగం దగ్గర తెరుచుకోవాలో, ఎక్కడ మూసుకోవాలో కొలిచి చూడకుండా ఇంజన్‌ను బయటికి పంపరని నాతో చెప్పారు. కారు వాల్వుకు కూడా ఆపాటి శ్రద్ధ చూపాలని నేను పట్టుబట్టడానికి ఆయన మాటలే మూలం.

డీజిల్ బండ్ల సంగతి ఇక్కడే తేల్చేస్తాను. మామూలు డీజిల్ ఇంజన్‌లో పవరు పెంచేదీ తగ్గించేదీ ఇంధనమే గాని, గాలిని అడ్డగించే థ్రాటిల్ కాదు. కాలు తీసినా గాలి దారి మూసుకోదు, సర్జ్ రావడానికి కారణమూ లేదు. పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ కోసమో, ఇంజన్ ఆపడానికో కొన్నింటికి ఒక పలక ఉంటుంది, కాని అది చేసే పని వేరు. బొలెరోలకూ స్కార్పియోలకూ ఈ వాల్వు బిగించి డబ్బు పోగొట్టుకోవద్దు.

ఇక అసలు అపోహకు వద్దాం. "అన్నా, స్ప్రింగు ఇంకో రెండు చుట్లు బిగిస్తే బూస్టు ఎక్కువ నిలుస్తుందా?" అని అడగని కుర్రాడు నాకింతవరకు కనబడలేదు. బూస్టు అంటే టర్బో అదనంగా ఎక్కించే గాలి ఒత్తిడి. వాల్వు లోపలి పిస్టన్‌కో డయాఫ్రమ్‌కో కింది వైపున టర్బో నుంచి వచ్చే గాలి ఒత్తిడి ఉంటుంది. పై వైపున స్ప్రింగూ, దానితోపాటు సన్నని గొట్టం ద్వారా మానిఫోల్డు నుంచి వచ్చే ఒత్తిడీ ఉంటాయి. పూర్తిగా యాక్సిలరేటర్ అదిమినప్పుడు థ్రాటిల్ తెరిచే ఉంటుంది కాబట్టి కిందా పైనా ఇంచుమించు ఒకే ఒత్తిడి. ఇద్దరు మనుషులు ఇరువైపుల నుంచీ సమానంగా తోస్తున్న తలుపు మూసే ఉండడానికి చిన్న గడియ చాలు. బూస్టు పెరిగితే రెండు వైపులా కలిసే పెరుగుతుంది కనుక, బూస్టును ఆపి ఉంచడానికి స్ప్రింగు గట్టిగా ఉండాలనడం తప్పు. బూస్టు ఎంత ఉండాలో నిర్ణయించేది వేస్ట్‌గేటు, అంటే పొగలో కొంత భాగాన్ని టర్బైన్ పక్కగా మళ్లించే తలుపు, దానిని నడిపే ఈసీయూ, అంటే ఇంజన్ కంప్యూటర్. కాలు తీసినప్పుడు మాత్రం పై వైపున మానిఫోల్డు వ్యాక్యూంలోకి పడిపోతుంది, కింద బూస్టు అలాగే ఉంటుంది. ఆ రెంటి తేడా స్ప్రింగు బలాన్ని మించితే వాల్వు తెరుచుకుంటుంది. అందువల్ల స్ప్రింగు బిగింపును ఎంచవలసింది బూస్టును చూసి కాదు, వ్యాక్యూంను చూసి. అవసరానికి మించి బిగించిన స్ప్రింగు ఒక్క పనే చేస్తుంది: తెరుచుకోవలసిన వేళ వాల్వును తెరుచుకోనివ్వదు. కుర్రాళ్లు ముచ్చటపడే ఆ తుత్తుత్తు శబ్దం చాలాసార్లు ఇలా బిగించేసిన వాల్వు మూలంగా వచ్చేదే. బేరింగు మీద పడే దెబ్బను విని సంబరపడడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

వ్యాక్యూం అన్నాక ఎత్తు గురించి మాట్లాడక తప్పదు. కోరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. సముద్రతీరంలో గాలి ఒత్తిడి దాదాపు 101 కిలోపాస్కల్ అయితే ఇక్కడ సుమారు 91. ఒక ఇంజన్ ఐడిలింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా బండి ఆగి ఉన్నప్పుడు, నిలకడగా తిరగడానికి మానిఫోల్డులో 33 కిలోపాస్కల్ ఒత్తిడి కావాలనుకుందాం. కొండ ఎక్కినంత మాత్రాన ఆ అవసరం పెద్దగా మారదు. విశాఖలో 101లోంచి 33 తీసేస్తే 68, గేజీ మీద సుమారు 20 అంగుళాల (పాదరసం) వ్యాక్యూం. కోరాపుట్‌లో 91లోంచి 33 తీసేస్తే 58, అంటే సుమారు 17 అంగుళాలు. ఇంజన్ చెడలేదు, ఎక్కడా లీకు లేదు, అయినా గేజీ మూడు అంగుళాలు తక్కువ చూపిస్తుంది. ఈ సంగతి తెలియక లేని లీకు కోసం గొట్టాలన్నీ విప్పించిన వాళ్లను చూశాను.

వాల్వుకు తెలిసేది కూడా ఈ తేడాయే. విశాఖ గ్యారేజీలో ఐడిలింగ్‌లో సరిగ్గా మూసుకొనేలా, అంటే 68కి కాస్త పైన తెరుచుకొనేలా అమర్చిన వాల్వు కోరాపుట్ వచ్చేసరికి బిగుతైన వాల్వు అవుతుంది. సగం సగం యాక్సిలరేటర్‌తో పోతూ నెమ్మదిగా కాలు తీస్తే, గొట్టంలో ఉన్న కొద్దిపాటి బూస్టుకూ మానిఫోల్డుకూ మధ్య తేడా 65 దగ్గరే ఆగిపోవచ్చు. అప్పుడు వాల్వు తెరుచుకోదు, సన్నగా కొట్టుకున్న చప్పుడు వినిపిస్తుంది. అంత తక్కువ బూస్టు దగ్గర అది పెద్ద ప్రమాదమేమీ కాదు. కాని మనవాడు కంగారుపడి ఇక్కడే స్ప్రింగు వదులు చేస్తాడు. ఆ తరువాత పెళ్లికో పేరంటానికో విజయనగరం దిగితే, అక్కడ వ్యాక్యూం బలం పెరిగి, సిగ్నలు దగ్గర ఆగినప్పుడు కూడా వాల్వు నోరు తెరుచుకొనే ఉంటుంది. "అక్కడ బాగుంది, ఇక్కడ తేడా" అన్న ఫిర్యాదు వెనక చాలాసార్లు ఉన్నది ఈ పది కిలోపాస్కల్ తేడాయే.

ఎత్తు మీద వాల్వుకు ప్రాధాన్యం తగ్గుతుందా అంటే, తగ్గదు సరిగదా పెరుగుతుంది. టర్బోకూ కొండకూ సంబంధం పాతది. 1918లో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీరు శాన్‌ఫర్డ్ మాస్ విమానపు లిబర్టీ ఇంజన్‌కు టర్బో బిగించి, సుమారు 4,300 మీటర్ల ఎత్తున్న పైక్స్ పీక్ శిఖరం మీదికి మోయించి పరీక్షించాడు. పలచటి గాలిలో పోయిన బలాన్ని తిరిగి తెచ్చుకోవడమే ఆయన ఉద్దేశం. నేటి కార్ల ఈసీయూ కూడా అదే చేస్తుంది. మానిఫోల్డులో 180 కిలోపాస్కల్ కావాలని అది నిర్ణయించుకుంటే, సముద్రతీరంలో టర్బో గాలిని 1.78 రెట్లు ఒత్తితే చాలు, కోరాపుట్‌లో దాదాపు 1.98 రెట్లు ఒత్తాలి. చక్రం మరింత వేగంగా తిరగాలి, ఆ వేగంలో ఉండగా కాలు తీస్తే సర్జ్ గీత, అంటే గాలి వెనక్కి తన్నడం మొదలయ్యే హద్దు, మరింత దగ్గరవుతుంది. కనుక కొండ మీది కారుకు మంచి వాల్వు కావాలన్నది నిజం. అయితే ఎలాంటి వాల్వు అన్నదే ప్రశ్న.

రెండు రకాలున్నాయి. ఒకటి గాలిని టుస్సుమని బయటికి ఊదేస్తుంది. రెండోది అదే గాలిని మరో గొట్టం ద్వారా తిరిగి టర్బో ముందు భాగానికి, ఎయిర్ ఫిల్టర్ తరువాతి పైపులోకి పంపిస్తుంది. కంపెనీ నుంచి వాల్వుతో వచ్చే కార్లలో సాధారణంగా ఉండేది రెండో రకమే. మీ కారులో ఫిల్టర్ పెట్టె దాటిన వెంటనే పైపులో గాలిని కొలిచే మాఫ్ సెన్సర్ ఉందేమో ముందు చూసుకోండి. ఉంటే, అది ఇంత గాలి లోపలికి పోయిందని ఈసీయూకు చెప్పేసింది, ఈసీయూ అందుకు తగిన పెట్రోలు కొడుతుంది, గాలి మాత్రం వాల్వులోంచి బయటికి పోయింది. మిశ్రమం చిక్కబడుతుంది, సైలెన్సర్ నల్లపొగ కక్కుతుంది, ప్లగ్గులు మసిబారతాయి, కాలని పెట్రోలు, పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను వేడెక్కించి పాడుచేస్తుంది. ఐడిలింగ్‌లో వాల్వు తెరిచే ఉంటే దీనికి విరుద్ధంగా, కొలవని గాలి లోపలికి చొరబడి ఇంజన్ పైకీ కిందికీ ఊగిసలాడుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. మానిఫోల్డు ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సర్ మీదే నడిచే కార్లకు ఈ చిక్కు లేదు. "నాది మ్యాప్ సెన్సర్ కారే కదా, బయటికి ఊదేది పెట్టుకుంటే ఏం?" అనే వాళ్లకు నా జవాబు సుంకి ఘాటు.

సుంకి నుంచి సాలూరు దిగేటప్పుడు తెలిసిన డ్రైవరెవరూ న్యూట్రల్‌లో దిగడు. రెండో గేరులోనో మూడో గేరులోనో ఇంజన్ పట్టు మీద దిగుతాడు. అలా థ్రాటిల్ మూసి, ఇంజన్ చక్రాలతోపాటు బలవంతంగా తిరుగుతున్నప్పుడు మానిఫోల్డులో ఒత్తిడి ఐడిలింగ్‌లో కంటే ఇంకా కిందికి, 22 కిలోపాస్కల్ ప్రాంతానికి పడిపోవచ్చు. ఘాటు పైన గాలి ఒత్తిడి 92 అనుకుంటే తేడా 70, దిగువన 100 అనుకుంటే 78. ఐడిలింగ్ చూసి 68కి కాస్త పైన అమర్చిన వాల్వు ఘాటు పొడవునా తెరుచుకొనే ఉంటుందన్న మాట. ఆ వేళ టర్బో గాలిని తోయడం లేదు. ఫిల్టర్ అడ్డు వల్ల గొట్టంలో ఒత్తిడి బయటి కంటే కొంచెం తక్కువే. కనుక వాల్వు నోటిలోంచి బయటి గాలి లోపలికి పోతుంది, ఫిల్టర్ దాటకుండానే పోతుంది. ముందు లారీ, దాని వెనక మనం, ఆ లారీ లేపే ఎర్రధూళి. పంచపట్మాలి బాక్సైటు కొండల చుట్టుపక్కల, పొట్టంగి దారిలో, వేసవిలో ఆ ధూళి కారు అద్దాల మీద ఎలా పేరుకుంటుందో ఇక్కడి వాళ్లందరికీ తెలుసు. ఇసుక రేణువులు కలిసిన ఆ దుమ్ము సిలిండరు గోడలనూ పిస్టన్ రింగులనూ అరగదీస్తుంది. అరుగుదల ఒక్క రోజులో కనబడదు కాబట్టే దాని గురించి ఎవరూ మాట్లాడరు. గాలిని తిరిగి లోపలికే పంపే వాల్వు అయితే ఐడిలింగ్‌లో తెరుచుకున్నా, ఘాటు మీద తెరుచుకున్నా నష్టం లేదు, ఎందుకంటే దానిలో తిరిగే గాలి అంతా ఫిల్టర్ దాటి వచ్చినదే. స్ప్రింగు కాస్త వదులుగా ఉంచుకొని, కొద్దిపాటి బూస్టుకే తెరుచుకొనేలా అమర్చుకొనే స్వేచ్ఛ కూడా దానితోనే దొరుకుతుంది. మా ప్రాంతానికి అదే సరైనదని నేను వాదించడానికి ఇంతకంటే బలమైన కారణం నాకు అక్కరలేదు.

చట్టం సంగతి కూడా ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ వాహనంలో మార్పులను నియంత్రిస్తుంది. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు మీరిన బండిని రోడ్డు మీద నడపడం 190వ సెక్షన్ కింద నేరం. వారంటీ ఉన్న కారైతే ఆ చిక్కు వేరే.

ఉన్న వాల్వును మార్చాలా వద్దా అన్నది దానిని పరీక్షించి తేల్చుకోవాలి. వ్యాక్యూంతో పనిచేసే రకమైతే సన్న గొట్టం ఊడదీసి, చేతి పంపుతో వ్యాక్యూం పెట్టి చూడాలి. ముల్లు నిలబడితే డయాఫ్రమ్ బాగున్నట్టు, నెమ్మదిగా పడిపోతే చిరిగినట్టు. కరెంటుతో తెరుచుకొనే వాల్వు టర్బో మీదే ఉన్న కార్లలో ఈ పరీక్ష కుదరదు, దానిని ఈసీయూ నడుపుతుంది కనుక స్కానర్‌తో చూడాలి. కంపెనీ బూస్టు మీదే నడిచే కారుకు ఆ వాల్వు బాగున్నంతవరకు కొత్తది కొనడం దండగ.

కొత్తది పెట్టవలసి వస్తే, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది సన్న గొట్టం ఎక్కడి నుంచి తీసుకుంటామన్నది. అది థ్రాటిల్ తరువాత, మానిఫోల్డు నుంచే రావాలి. థ్రాటిల్‌కు ముందు తీస్తే కాలు తీసినప్పుడు కూడా రెండు వైపులా బూస్టే ఉంటుంది, వాల్వు ఎప్పటికీ తెరుచుకోదు. గొట్టం పొట్టిగా, మందపాటి గోడతో ఉండాలి. పలచటి సిలికాన్ గొట్టం వేడికి మెత్తబడి వ్యాక్యూంకు నొక్కుకుపోతుంది. అన్నిటికీ మించి, బ్రేక్ బూస్టర్‌కు వెళ్లే గొట్టానికి టీ జాయింటు వేసి దాని నుంచి తీసుకోనే కూడదు. అందుబాటులో కనబడే లావైన వ్యాక్యూం గొట్టం అదే కాబట్టి తొందరపడే మెకానిక్కులు దానినే కోస్తారు. ఆ జాయింటు లీకైనా, వాల్వు డయాఫ్రమ్ చిరిగినా, బ్రేకుకు అందే వ్యాక్యూం పోయి పెడలు రాయిలా బిగుసుకుంటుంది. ఘాటు మలుపు మీద అలా జరిగితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. "మేస్త్రీ, ఆ గొట్టం మాత్రం ముట్టుకోకు" అని ముందే చెప్పి, దగ్గరుండి చూసుకోండి.

బిగించాక లీకు పరీక్ష చేయకుండా కారు తీయవద్దు. టర్బో లోపలికి గాలి పోయే పైపు నోటికి, టైరు వాల్వు బిగించిన మూత పెట్టి, క్లిప్పు వేసి, పంక్చర్ షాపు కంప్రెసర్‌తో ఒక బార్ దాటకుండా నెమ్మదిగా గాలి ఎక్కించాలి. జాయింట్ల మీద సబ్బు నీళ్లు పూస్తే బుడగలు ఎక్కడ లేస్తే అక్కడ లీకు. క్రాంక్‌కేసు (ఇంజన్ అడుగు గది) నుంచి వచ్చే బ్రీదర్ గొట్టాన్ని విడిగా మూయకపోతే ఆ ఒత్తిడి ఆయిలు సీళ్ల మీద పడుతుంది. కొత్త వాల్వు పెట్టాక పికప్ తగ్గిందన్న కార్లలో నేను చూసినంతవరకు తప్పు వాల్వుది కాదు, సరిగా కూర్చోని క్లిప్పులది.

అమరిక ఇలా చేయండి. మానిఫోల్డుకు వ్యాక్యూం, బూస్టు రెండూ చూపే గేజీ బిగించి, ఇంజన్ పూర్తిగా వేడెక్కాక, ఏసీ ఆపి, ఐడిలింగ్ రీడింగు రాసుకోవాలి. గాలిని తిరిగి లోపలికి పంపే రకమైతే స్ప్రింగు పూర్తిగా వదులుగా ఉంచి మొదలుపెట్టి, మూడో గేరులో ఖాళీ రోడ్డు మీద పూర్తి బూస్టు తెచ్చి చూడాలి. గేజీ మీద కంపెనీ బూస్టు అందితే, మళ్లీ కాలు నొక్కినప్పుడు ఆలస్యం లేకుండా ముల్లు లేస్తే, ఇక బిగించనక్కరలేదు. ఆలస్యం ఉంటే అర చుట్టు చొప్పున బిగించుకుంటూ పోవాలి. ఎవరెంత చెప్పినా బయటికి ఊదేదే పెట్టుకుంటానన్న వాళ్లు మాత్రం నోటికి జాలీ ఫిల్టర్ ఉన్న వాల్వే తీసుకోవాలి, అమరికను కోరాపుట్‌లో కాకుండా తాము దిగే అతి పల్లపు ఊరిలో, సాలూరులోనో విజయనగరంలోనో చేసుకోవాలి. అక్కడ ఐడిలింగ్‌లో వాల్వు నోటికి పలచని కాగితం ముక్క ఆనించి, లోపలికి లాగడం ఆగేదాకా స్ప్రింగు బిగించి, అక్కడితో ఆపేయాలి. పైకి వచ్చాక తక్కువ బూస్టులో సన్నని చప్పుడు వినిపిస్తే దాని జోలికి పోవద్దు. పూర్తి బూస్టు నుంచి కాలు తీసినప్పుడు కూడా కొట్టుకుంటుంటే మాత్రం వాల్వు చిన్నదో, సన్న గొట్టం మూసుకుపోయిందో అయి ఉంటుంది. ముందు గొట్టం ఊడదీసి ఊది చూడండి. అది బాగుంటే వాల్వు మార్చాలి. ఏ రకమైనా అమరిక కుదిరాక లాక్ నట్ బిగించి, స్క్రూ మీద పెయింటుతో గీత పెట్టుకోండి. ఒకసారి సాలూరు దాకా దిగి ఎక్కి వచ్చాక ఆ గీత కదిలిందేమో, క్లిప్పులు వదులయ్యాయేమో చూసి, వేడి మీద మరోసారి బిగించుకోవాలి.